అడ్డసరం ఆకు: గుర్తింపు, నాణ్యత ప్రమాణాలు ఎలా రాసుకోవాలి? (రాయగడ, గుణుపురం, జయపురం వైపు సరుకు)

#1 గుణుపురం_సంత
అందరికీ నమస్కారం. ఒడిశాలోని గుణుపురం, బిసంకటక్, మునిగూడ చుట్టుపక్కల మహిళా సంఘాలు అడ్డసరం ఆకు కోసి, ఎండబెట్టి ఒకచోట పోస్తున్నాయి. కొనేవాళ్లు ధర ఎత్తకముందే "మీ సరుకు ప్రమాణపత్రం పంపండి" అంటున్నారు. ఇప్పటికి నా దగ్గరున్న చిత్తు ఇంతే: "అడ్డసరం ఆకు. రంగు ఆకుపచ్చ. రుచి చేదు. తేమ 10 శాతం లోపు. చెత్త ఉండదు." దీన్ని చూసి ఎవరూ సరుకు దింపుకోరని తెలుసు. గుర్తింపు దగ్గర ఏం రాయాలి, అంకెలు ఎక్కణ్నించి తీసుకోవాలి, ఇక్కడే చేసుకోగల పరీక్షలేవి, బయటి ల్యాబుకు పంపాల్సినవేవి? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

#2 కాగితం_మడత
ముందు పేరు తేల్చండి, అంకెలు తర్వాత. మన సరిహద్దులో సగం గొడవ పేరుతోనే. తెలుగులో అడ్డసరం, ఒడియాలో బాసంగ, హిందీ బిల్లు మీద అడూసా, వైద్యుల నోట వాస. ఇవన్నీ ఒకే మొక్క. కానీ విస్తళ్లు కుట్టే "అడ్డాకు" వేరే. అది తీగ, ఒడియాలో శియాళి అంటారు. చీటీ మీద ఎవరైనా "అడ్డ ఆకు 12 బస్తాలు" అని గిలికితే అది ఏ ఆకో ఆ చీటీకే తెలియాలి. అందుకని పత్రంలో మొదటి వరుసలో శాస్త్రీయ నామం ఉండాలి: జస్టీసియా అధటోడా, అకాంథేసి కుటుంబం. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరది. పాత పుస్తకాల్లో అధటోడా వాసికా, అధటోడా జైలానికా అని కనిపిస్తుంది. ఆ పేర్లూ పక్కన రాయండి, లేకపోతే కొనేవాడి కాగితానికీ మీ కాగితానికీ పొంతన కుదరదు.

పేరు రాయగానే గుర్తింపు అయిపోదు. ఆ పేరును ఒక మొక్కకు కట్టాలి. ఆకు కోసే ప్రతి ప్రాంతం నుంచీ పూతతో ఉన్న ఒక కొమ్మ తీసి హెర్బేరియం షీటు (అదిమి ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్క నమూనా) చెయ్యండి. కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా, కణుపులు కాస్త ఉబ్బి ఉంటాయి. పూలు పొట్టి కంకుల్లో, పచ్చని రేకుల్లాంటి పుచ్ఛాల (పువ్వు కింద ఉండే చిన్న ఆకుల) మధ్య వస్తాయి. పువ్వు తెలుపు, రెండు పెదవులు, కింది పెదవి మీద ఊదా గీతలు. ఎండితే ఆ గీతలు పోతాయి కాబట్టి రంగు కోసిన రోజే లేబులు మీద రాయాలి. పూత చలికాలంలో చూసుకోండి. ఉత్త ఆకుల కొమ్మను షీటు చేస్తే నిర్ధారించేవాళ్లు వెనక్కి పంపుతారు. పాత పేపర్ల మధ్య పెట్టి బరువెయ్యండి, మొదటి నాలుగైదు రోజులు పేపరు రోజూ మార్చండి, లేకపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. లేబులు మీద ఊరు, బ్లాకు, తేదీ, కోసినవారు, మొక్క ఎత్తు, పూల రంగు. మూడు నకళ్లు చెయ్యండి: ఒకటి మీ దగ్గర, ఒకటి కొనేవాళ్లకు, ఒకటి నిర్ధారణ చేసే చోట. భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వృక్ష వనరుల కేంద్రంలో గానీ, దగ్గరలో హెర్బేరియం ఉన్న విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో గానీ అడగొచ్చు. వాళ్లిచ్చే షీటు నంబరే మీ పత్రంలో గుర్తింపుకు ఆధారం.

ఆకు వర్ణన ఇలా రాయండి: పొడవు 10 నుంచి 30 సెం.మీ., వెడల్పు 3 నుంచి 10 సెం.మీ., బల్లెం మొన లాంటి ఆకారం, కొస సాగి ఉంటుంది, మొదలు రెండు వైపులా సమానంగా సన్నబడుతుంది, తొడిమ 2 నుంచి 8 సెం.మీ., పక్క ఈనెలు 8 నుంచి 10 జతలు. ఆ "రంగు ఆకుపచ్చ" తీసెయ్యండి. ఎండిన ఆకు పైన మసక గోధుమ, కింద లేత బూడిద కలిసిన గోధుమ రంగని ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) వర్ణన. నీడలో బాగా ఆరింది కొంచెం పచ్చగా ఉండొచ్చు. ఒక్క రంగు రాసి ఇరుక్కోవద్దు.

#3 రాయగడ_గోడౌన్
పేరు సరే. గోనె విప్పీసినప్పుడు అందులో ఆకు నలిగిపోయి ముక్కలైపోయుంటది కదండీ. 10 సెం.మీ., 30 సెం.మీ. అని కొలిచేదెక్కడ? కలిసేవి ఏటంటే: పెద్దమాను ఆకు, అడ్డసరం కాడలే ముక్కలు కోసి, అప్పుడప్పుడు నేలవేము. ఇవి ముక్కల్లో ఎలా పట్టుకోవాలో చెప్పండి.

#4 కాగితం_మడత
ముక్కల్లో వెతకాల్సింది ఆకు మొదలు. గుప్పెడు సరుకు తెల్లకాగితం మీద పోసి తొడిమ అంటుకున్న ముక్కలన్నీ ఏరండి. అడ్డసరానికి మొదలు రెండు వైపులా ఒకే ఎత్తులో తొడిమలోకి జారుతుంది. పెద్దమానుది పెద్ద రెమ్మ మీద వచ్చే చిరుఆకు. దాని మొదలు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, ఒంకరగా ఉంటుంది. అంచున పెద్ద పెద్ద కోరలుంటాయి. అడ్డసరం అంచు దాదాపు నున్నగా, మహా అయితే లేతగా అలలు తిరిగి ఉంటుంది. ఒంకర మొదళ్లు నాలుగు దొరికాయంటే ఆ గోనె పక్కన పెట్టాల్సిందే.

కాడ సంగతి తేలిక. తొడిమ ఆకులో భాగమే, దాన్ని చెత్తగా లెక్కించకూడదు. కణుపు కనిపించే కొమ్మ ముక్క, పూకంకి, గింజకాయ, పసుపు పట్టి రాలిన ఆకు, ఇవి వేరే భాగాలు కాబట్టి పరపదార్థం (సరుకులో ఉండకూడని చెత్త) కిందికే వస్తాయి. ఈ మాట పత్రంలో లేకపోతే తూకం దగ్గర తొడిమ మీదే పేచీ వస్తుంది.

ఇంకొకటి. గెండరుస్సా అని ఇదే ప్రజాతి మొక్క తోటల్లో కంచెగా వేస్తారు. దాని ఆకు చాలా సన్నం, కొమ్మ ఊదా రంగు తిరిగి ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరూ పొరబడరు, ఎండి నలిగాక పొరబడతారు. అందుకే "వెడల్పు 3 సెం.మీ.కు తగ్గకూడదు" అన్న అంకెను తేలిగ్గా తీసుకోవద్దు.

#5 450_డిగ్రీలు
అంకెలకు భారత ఆయుర్వేద ఫార్మకోపియా 1వ భాగం 1వ సంపుటంలో వాస ఆకు ప్రకరణం చూడండి. అక్కడున్నవి: పరపదార్థం 2 శాతం మించకూడదు. మొత్తం బూడిద 21 శాతం మించకూడదు. ఆమ్లంలో కరగని బూడిద 1 శాతం మించకూడదు. ఆల్కహాల్‌లో కరిగే సారం 3 శాతానికి తగ్గకూడదు. నీటిలో కరిగే సారం 22 శాతానికి తగ్గకూడదు. ఇవి కనీస హద్దులు. మీ పత్రంలో ఇంతకన్నా గట్టిగా రాసుకోవచ్చు, సడలించి రాసుకోకూడదు.

పరపదార్థం మీరు ఇక్కడే చేసుకోండి. దీనికి భూతద్దం, కాటా చాలు. 250 గ్రాముల నమూనా పలచగా పరిచి, 6 రెట్లు చూపే భూతద్దంతో ఏరి, ఏరిన దాన్ని తూచి శాతం కట్టడమే. 250లో 5 గ్రాములు దాటితే సరుకు పోయినట్టే. అడుగున మిగిలిన దుమ్ము కూడా తూకంలో చేరాలి. ఏరేవాళ్లు చాలామంది దాన్ని విదిలించేస్తారు.

#6 రాయగడ_గోడౌన్
మొత్తం బూడిద 21 శాతమా! తులసి, వేప లాంటి వాటికి అంత ఉండదే. 21 దాకా అంటే ఎవడైనా మట్టి కలిపీసి కూడా పాసైపోడా?

#7 450_డిగ్రీలు
గోడౌన్ గారూ, అవునండీ, ఆ ఒక్క అంకెనే చూస్తే కలిపినవాడు పాసైపోతాడు. అందుకే రెండో బూడిద పరీక్ష ఉంది.

ఈ ఆకులోనే సున్నం ఎక్కువ. కణాల్లో కాల్షియం కార్బొనేట్ కట్టలు కట్టలుగా ఉంటుంది, దాన్నే సిస్టోలిత్ అంటారు. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు వేరే ఉంటాయి. ఆకు కాలితే అదంతా బూడిదలో మిగులుతుంది. కాబట్టి మొత్తం బూడిద ఎక్కువ రావడం ఈ ఆకు గుణం, దుమ్ముకు గుర్తు కాదు. దుమ్మును పట్టేది ఆమ్లంలో కరగని బూడిద. సున్నం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిపోతుంది, ఇసుక కరగదు.

లెక్క చూడండి. శుభ్రమైన ఆకు మొత్తం బూడిద 16, కరగని బూడిద 0.4 శాతం అనుకుందాం. 100 కిలోలకు 2 కిలోల ఇసుక కలిపితే మొత్తం బూడిద 18ని 102తో భాగించాలి, 17.6. అది 21 లోపే, హాయిగా పాస్. కరగని బూడిద 2.4ని 102తో భాగిస్తే 2.35. హద్దు 1, కాబట్టి ఫెయిల్. మొదటి అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకునే రిపోర్టుకు డబ్బు కట్టకండి.

చేసే తీరు: ముందుగా కాల్చి, చల్లార్చి తూచిన సిలికా క్రూసిబుల్‌లో 2 నుంచి 3 గ్రాముల పొడి. పొగ పోయేదాకా సన్న మంట మీద, తర్వాత మఫిల్ ఫర్నేస్‌లో (వేడి అదుపులో ఉండే ల్యాబు కొలిమిలో) 450 డిగ్రీలు దాటకుండా, నలుపు పోయేదాకా. డెసికేటర్‌లో (గాలి తేమ తగలని మూత పాత్రలో) చల్లార్చి తూచాలి. ఉదాహరణకు 2.5000 గ్రాముల పొడికి బూడిద 0.4750 గ్రాములు వస్తే 19.0 శాతం. ఆ బూడిదను 25 మి.లీ. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 5 నిమిషాలు మరిగించి, బూడిద మిగల్చని ఫిల్టర్ కాగితం మీద వడకట్టి, వేడినీళ్లతో కడిగి, కాగితంతో సహా మళ్లీ కాల్చి తూచాలి. ఇక్కడ హద్దు 1 శాతం అంటే 2.5 గ్రాముల మీద 0.025 గ్రాము. బంగారం కాటాతో అవదు, 0.1 మిల్లీగ్రాము పలికే తక్కెడ కావాలి. కాబట్టి ఇది ల్యాబు పని.

450 దాటితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. 600 దాటి పోనిస్తే కాల్షియం కార్బొనేట్ విరిగి సున్నంగా మారుతుంది, బరువులో 44 శాతం గాలిలో కలుస్తుంది. పై ఉదాహరణలో 0.4750లో 0.3000 కార్బొనేట్ అయితే 0.1320 తగ్గి 0.3430 మిగులుతుంది, 19.0 కాస్తా 13.7 అవుతుంది. రెండు ల్యాబులు ఒకే ఆకుకు 13, 19 ఇచ్చాయంటే సరుకు మీద అనుమానపడే ముందు ఫర్నేస్ ఎంతలో పెట్టారో అడగండి.

#8 స్లైడు_గ్లిసరిన్
ఆ సిస్టోలిత్‌ను కంటితో చూడొచ్చు, కాలేజీ స్థాయి మైక్రోస్కోపు చాలు. ఆకు ముక్క గానీ, 60 నంబరు జల్లెడ దాటిన పొడి చిటికెడు గానీ క్లోరల్ హైడ్రేట్ ద్రావణంలో వెచ్చచేసి, పారదర్శకమయ్యాక గ్లిసరిన్‌లో స్లైడు కట్టండి. మధ్య కణజాలంలో చుట్ట ఆకారంలో, పొడుగ్గా, మసకగా గరుకుగా కనిపించేవే సిస్టోలిత్‌లు. నిర్ధారణకు గ్లిసరిన్ లేకుండా నీళ్లలో ఇంకో స్లైడు కట్టి, కవర్ స్లిప్ అంచున పలుచని ఎసిటిక్ ఆమ్లం ఒక బొట్టు వేసి, అవతలి అంచున ఫిల్టర్ కాగితం ఆనించి లోపలికి లాగండి. కన్ను కదపకుండా ఒక సిస్టోలిత్ మీదే ఉంచండి. ఆమ్లం తగలగానే దాని చుట్టూ సన్న బుడగలు లేస్తాయి, మెల్లగా గరుకు కరిగి పలుచని తొడుగు మిగులుతుంది. ఆక్సలేట్ సూదులు, పలకలు ఎసిటిక్ ఆమ్లానికి చలించవు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే కరుగుతాయి, బుడగ రాదు. ముందునుంచే స్లైడులో ఉన్న గాలి బుడగలను చూసి మోసపోవద్దు, వాటికి నల్లటి మందపు అంచు ఉంటుంది.

పెద్దమానులో సిస్టోలిత్ ఉండదు, కాబట్టి దాన్ని ఇది పట్టిస్తుంది. కానీ నేలవేము, గెండరుస్సా రెండూ అకాంథేసివే, వాటిలోనూ సిస్టోలిత్ ఉంటుంది. సిస్టోలిత్ కనిపించిందంటే "కుటుంబం కుదిరింది" అని మాత్రమే అర్థం.

మిగతా గుర్తులు: గ్రంథి రోమాలకు ఒక కణపు కాడ, నాలుగు కణాల తల, తల అడ్డుకొలత 25 నుంచి 36 మైక్రాన్లు. మామూలు రోమాలు 1 నుంచి 3 కణాలవి, అరుదుగా 5 దాకా, పొడవు 500 మైక్రాన్లకు మించవు. కొలవాలంటే కంటికటకంలో మైక్రోమీటరు పెట్టి ముందు స్టేజి మైక్రోమీటరుతో సరిచూసుకోవాలి. ఊరికే "చిన్నవి" అని రాస్తే లాభం లేదు.

పత్రరంధ్రాల దగ్గర ఒక తిరకాసు ఉంది. కొన్ని వర్ణనల్లో అనోమోసైటిక్ (రంధ్రం పక్క కణాలు మిగతా కణాల్లాగే ఉండే రకం) అని అచ్చయింది. ఈ కుటుంబానిది డయాసైటిక్: రంధ్రం పక్క కణాలు రెండే, వాటి ఉమ్మడి గోడ రంధ్రానికి అడ్డంగా పడుతుంది. స్లైడులో ఏది కనిపిస్తే అదే రాయండి, ఫొటో జతచెయ్యండి. కింది పొర స్టొమాటల్ ఇండెక్స్ (రంధ్రాలు, పైపొర కణాలు కలిపిన మొత్తంలో రంధ్రాల శాతం) 10.8 నుంచి 18.1 మధ్య, సగటు 14.2. ఒక చట్రంలో రంధ్రాలు 18, మిగతా పైపొర కణాలు 108 అయితే 18ని 126తో భాగించి నూటితో హెచ్చించాలి: 14.3. రంధ్రాల సంఖ్య ఆకు వయసుతో, వానతో మారుతుంది, ఈ నిష్పత్తి అంతగా మారదు. అందుకే దీన్ని పెట్టారు.

#9 పర్లాకిమిడి_వైద్యం
నేలవేమును విడదీసే దారి చెబుతాను. రెండూ చేదే. నేలవేము చేదు నాలుక మీద చాలాసేపు వదలదు. కానీ నాలుకను ప్రమాణం చెయ్యలేం కదా. అడ్డసరంలో అసలు పదార్థం వాసిసిన్, అది ఆల్కలాయిడ్. నేలవేము చేదుకు కారణం ఆండ్రోగ్రాఫొలైడ్, అది ఆల్కలాయిడ్ కాదు. పలుచపొర క్రొమటోగ్రఫీ (సారంలోని పదార్థాలను చుక్కలుగా విడదీసే పరీక్ష) పలక మీద సిలికా జెల్, ఒక పక్క మీ ఆకు ఆల్కహాల్ సారం, ఇంకో పక్క స్వచ్ఛమైన వాసిసిన్, వీలైతే మూడో గీతలో నిర్ధారించిన హెర్బేరియం మొక్క ఆకు సారం. ఆరాక డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం (ఆల్కలాయిడ్లను రంగుతో చూపేది) చిమ్మితే వాసిసిన్ నారింజ చుక్కగా దిగుతుంది. మీ ఆకుకు అదే ఎత్తులో చుక్క రావాలి. ద్రావకంలో అమోనియా లేకపోతే ఆల్కలాయిడ్ మొదట్లోనే తోక సాగి నిలిచిపోతుంది, ఆ పలకను చూసి "వాసిసిన్ లేదు" అని తీర్పు చెప్పొద్దు. శాతం కావాలంటే హెచ్‌పీఎల్‌సీ (పదార్థం ఎంతుందో యంత్రంతో కొలిచే ల్యాబు పరీక్ష) చేయించాలి. కనీసం ఎంత ఉండాలో కొనేవారితో రాతపూర్వకంగా తేల్చుకోండి, అదీ తేమ తీసేసిన లెక్కలోనా, ఉన్నదున్నట్టా అన్నది రాసి.

వాసిసిన్ గాలికీ ఎండకూ ఆక్సీకరణం చెంది వాసిసినోన్ అవుతుంది. రెండేళ్లు మూలపడ్డ ఆకులో చేదు ఉంటుంది, బూడిద సరిగ్గానే వస్తుంది, సారం కూడా పాసవ్వొచ్చు. పడిపోయేది వాసిసినే. దగ్గు మందు బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది ఈ వాసిసిన్ నుంచే కాబట్టి కంపెనీలు అడిగేది ముందు దాన్నే.

రెండు మాటలు అదనంగా. మీరు రాసేది ఎండు ఆకు ప్రమాణం. మేం స్వరసానికి (ఆకు పిండిన రసానికి) వాడేది పచ్చి ఆకు, అదీ పుటపాకం పెట్టి (ఆకుల్లో చుట్టి, మట్టి పూసి కాల్చి) పిండుతాం, ఎందుకంటే ఊరికే దంచితే రసం సరిగ్గా దిగదు. పచ్చి ఆకుకు ఈ బూడిద, సారం అంకెలు అతికించొద్దు, దానికి వేరే పత్రం. ఇక వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉంది. "గర్భిణులు వాడరాదు" అన్న హెచ్చరిక లేబులు మీద ఉండాలి. ఆకు ఏరే మహిళలకు కూడా చెప్పండి, చాలామంది జలుబుకు అక్కడికక్కడే కషాయం కాచుకుంటారు.

#10 గుణుపురం_సంత
మీరందరూ చెప్పింది రాసుకున్నాను. ఒక నమూనాకు బయటి ల్యాబు రిపోర్టు వచ్చింది: తేమ 11.2, మొత్తం బూడిద 17.9, కరగని బూడిద 0.8, ఆల్కహాల్ సారం 6.1, నీటి సారం 20.4. నీటి సారం ఒక్కటే 22కు తగ్గింది. తేమ తీసేసి లెక్క కడితే పాసవుతుందని ఒకరు అన్నారు. నిజమేనా?

#11 450_డిగ్రీలు
లెక్క సరైనదే, వాదన కాదు. 20.4ని 0.888తో భాగిస్తే 22.97. కానీ ఫార్మకోపియా పద్ధతి గాలికి ఆరిన సరుకు మీద లెక్క. అదే ఆకును ఇంకా ఆరబెట్టి తేమ 7కు దించినా 22.97లో 93 శాతం అంటే 21.4. అప్పుడూ ఫెయిలే. కాబట్టి తేమ మీద నెట్టేసి తప్పించుకోలేం. పత్రంలో ప్రతి అంకె పక్కన "గాలికి ఆరిన సరుకు మీద" అనో "తేమ తీసిన లెక్క" అనో రాయండి, ఈ పేచీ మళ్లీ రాదు.

ముందు పరీక్ష సరిగ్గా చేశారా చూడండి. 5 గ్రాముల మోటు పొడి, 100 మి.లీ. క్లోరోఫాం నీరు, మూసిన ఫ్లాస్కులో 24 గంటలు. మొదటి 6 గంటలు తరచూ కుదపాలి, 18 గంటలు కదపకుండా ఉంచాలి. వడకట్టి 25 మి.లీ. తీసి, చదునైన గిన్నెలో ఇగిర్చి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాలి. ఆ 25 మి.లీ. అంటే 1.25 గ్రాముల ఆకు. గిన్నెలో మిగిలినది గ్రాముల్లో ఎంతో దాన్ని 80తో హెచ్చిస్తే శాతం: 0.2900 వస్తే 23.2. క్లోరోఫాం నీరు అంటే లీటరులో 2.5 మి.లీ. క్లోరోఫాం. దాని బదులు ఉత్త నీళ్లు పోస్తే మన ఎండలకు 24 గంటల్లో పులుస్తుంది, అంకె తప్పుతుంది. ఆల్కహాల్ సారంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. 95 శాతం బదులు నీళ్లు కలిసిన ఆల్కహాల్ పోస్తే సారం అమాంతం పెరుగుతుంది. మీ 6.1కి వాళ్లు ఎంత శాతం వాడారో అడగండి.

పరీక్ష సరిగ్గానే ఉంటే తప్పు ఆకులో ఉంది. కోసి ముక్కలు చేశాక తొట్టిలో నానబెట్టి కడిగారా? ఆరేటప్పుడు వాన తడిసిందా? నీటిలో కరిగేదంతా ఆ నీళ్లతోనే పోతుంది.

#12 రాయగడ_గోడౌన్
కడుగుడు సంగతి నేను చెప్తాను. కొమ్మతో ఉన్నప్పుడే నీళ్లు చల్లి దులపాలి, ఆకు తుంచీసిన తర్వాత నీళ్లలో ముంచకూడదు. అసలు కడగాల్సిన అవసరం రాకుండా చూసుకుంటే మేలు: నేల నుంచి జానెడున్నర దాకా ఉన్న ఆకు వదిలీండి. మన ఎర్రమట్టి వానకు చిమ్మి కింది ఆకు మీద అంటుకుంటది, ఆ మట్టే మీ కరగని బూడిద. వాన పడిన మర్నాడు కొయ్యకండి, రెండ్రోజులు ఆగండి.

ఆరబెట్టడం నీడలో, గాలి ఆడే చోట, వెదురు తడికల మీద ఒకే వరస. సిమెంటు గచ్చు మీద రాశి పోసీస్తే అడుగుది ఉడికిపోయి నల్లబడతది. రోజుకు రెండుసార్లు తిరగెయ్యాలి. తొడిమ వంచితే టప్‌మని విరగాలి, వంగితే ఇంకా ఆరలేదు. ఆకు రేకు పెళుసెక్కి ఉన్నా నడి ఈనెలో తేమ దాగుంటది, అదే గోనెలో బూజు తెస్తది. పచ్చిది నాలుగైదు కిలోలకు ఎండుది కిలో చేతికొస్తది.

ఇంకోటి ఎవరూ అనట్లేదు. మేకలు దీన్ని ముట్టవు కాబట్టి చేలకు కంచెగా వేస్తారు. గుణుపురం, బిసంకటక్ వైపు ఆ చేలల్లో సగం పత్తి. పత్తికి కొట్టిన మందు గాలికొచ్చి ముందు పడేది ఈ కంచె మీదే. పత్తి చేను కంచె ఆకు వేరే గోనె, వేరే గుర్తు. తీసుకోకపోవడమే మంచిది.

#13 450_డిగ్రీలు
గోడౌన్ గారి చివరి మాటను పత్రంలో సేకరణ నియమంగా ఎక్కించండి. రోడ్డు పక్క కంచె కూడా అంతే, దుమ్ముతో సీసం వస్తుంది. భార లోహాల హద్దులు: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3, అన్నీ పదిలక్షల్లో భాగాలు. ఇ. కోలి, సాల్మొనెల్లా ఉండకూడదు. పురుగుమందుల అవశేషాలు, అఫ్లటాక్సిన్ (బూజు నుంచి వచ్చే విషం) కూడా ల్యాబుకే. ప్రతి గోనెకూ అక్కర్లేదు, ప్రతి లాటుకూ (ఒక విడతలో పోగైన సరుకుకూ) ఒకసారి.

లాటు నుంచి నమూనా తియ్యడంలోనే చాలామంది దెబ్బతింటారు. పై గోనె మూతి విప్పి గుప్పెడు తీసి పంపితే అది ఆ గుప్పెడు రిపోర్టే. 5 గోనెలుంటే అయిదూ విప్పాలి. 6 నుంచి 50 దాకా ఉంటే అయిదు. 50 దాటితే పదో వంతు, పైకి సవరించి: 64 గోనెలుంటే 70 అనుకుని ఏడు. విప్పిన ప్రతి గోనెలోనూ పైన, మధ్యన, అడుగున మూడుచోట్ల తియ్యాలి. ఏడు గోనెలకు 21 నమూనాలు. అన్నీ కలిపి గుడ్డ మీద చదరంగా పరిచి, మూలమూలకు గీత గీసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచి మిగతావి తీసెయ్యాలి. కావాల్సిన తూకం వచ్చేదాకా ఇదే. అడుగున చేరిన పొడి, ఇసుక గుడ్డ మీదే ఉండాలి, నమూనాలోకి రావాలి.

తేమ మాత్రం కోసిన చోటే చూసుకోవచ్చు, వేడి స్థిరంగా నిలిచే ఓవెన్ ఉంటే. 10 గ్రాములు, 105 డిగ్రీలు, 5 గంటలు. తూచి, మళ్లీ గంటసేపు, మళ్లీ తూచి. రెండు తూకాల మధ్య తేడా 0.25 శాతం లోపుకు వచ్చేదాకా. మీరు చిత్తులో రాసిన 10 బాగానే ఉంది, 8 పెట్టుకుంటే వానాకాలం నిల్వకు ఇంకా నిశ్చింత.

#14 గుణుపురం_సంత
గుర్తింపు భాగం ఇలా మార్చాను, తప్పులుంటే చెప్పండి: "అడ్డసరం (ఒడియా: బాసంగ), జస్టీసియా అధటోడా, ఎండిన ముదురు ఆకు, తొడిమతో. ఆధారం: హెర్బేరియం షీటు నంబరు. కొమ్మ ముక్క, పూకంకి, కాయ, పసుపు ఆకు పరపదార్థం కింద లెక్క. ఆకు మొదలు సమానం. సిస్టోలిత్, నాలుగు కణాల తల ఉన్న గ్రంథి రోమాలు స్లైడులో కనిపించాలి. పలుచపొర పలక మీద వాసిసిన్ చుక్క రావాలి. వాసన ప్రత్యేకం. రుచి చేదు." నీటి సారం తగ్గిన ఆ లాటు విడిగా పెట్టేశాం, కడిగిన సంఘం ఏదో వెతుకుతున్నాం. షీట్లు, లాటు నమూనాలు ఎక్కడ, ఎన్నాళ్లు దాచాలి?

#15 స్లైడు_గ్లిసరిన్
ఆ పేరాలో సిస్టోలిత్ పక్కన "ఎసిటిక్ ఆమ్లంతో బుడగలు" చేర్చండి. "చేదు" కొట్టేయకండి, కానీ దాన్ని గుర్తింపు అనకుండా వర్ణనలో ఉంచండి. పరీక్షించిన పొడి స్లైడు ఫొటో లాటు నంబరుతో దాచుకోండి.

#16 కాగితం_మడత
"ముదురు ఆకు" బాగుంది, దానికి "కొమ్మ కొసన ఉన్న రెండు జతల లేత ఆకులు మినహా" అని చేర్చితే కోసేవాళ్లకు కూడా అర్థమవుతుంది. లాటు నమూనా ప్రతి దానికీ 250 గ్రాములు, గోధుమ రంగు సీసాలో, బిర్రుగా మూత పెట్టి, వెలుతురు తగలని చోట. ఆ లాటు ఆకు వాడకం గడువు తీరిన తర్వాత కూడా ఒక ఏడాది ఉంచండి. హెర్బేరియం షీట్లు ఎప్పటికీ తీసెయ్యకూడదు, పురుగు పట్టకుండా పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వెయ్యండి. అవి ఆ పెట్టెలోనే ఉండాలి. సీసాల అరలో పెడితే వాసన ఆకుకు పట్టేస్తుంది, ఇక మీ పత్రంలో "వాసన ప్రత్యేకం" అన్న వరుస మీద ఎవరూ సంతకం చెయ్యలేరు.